‘కుట్టింది’ అని రాసినందుకు

పేర్లు కుట్టే పనిలోకి కొత్తగా వచ్చిన మీరంతా ఇప్పుడు కంప్యూటర్ మిషన్ ముందు కూర్చుని బొత్తాం నొక్కుతారు. పేరు దానంతట అదే బట్ట మీదికి దిగుతుంది. మంచిదే, నాకు ఈర్ష్య లేదు. కానీ ఆ పేరు ఎవరిది, దాని పక్కన ఏ మాట పెడుతున్నాం అని ఒక్క నిమిషం ఆగి ఆలోచించే పని మిషన్ చేయదు. అది మీ పని. ఆ పని ఎగ్గొట్టేవాణ్ణి చూస్తే నాకు కోపం వస్తుంది. కోపం తగ్గించుకోమని ఇంట్లో వాళ్ళూ చెప్పారు, దవాఖానలో డాక్టరూ చెప్పాడు. తగ్గించుకుంటే ఇది రాయలేను గనుక, రాసేదాకా ఉంచుకుంటానన్నాను.

సూర్యాపేటలో నాది బట్టల మీద పేర్లు కుట్టే పని. నేను రెండో తరగతి దాటలేదు. అక్షరాలు బస్సుల బోర్డుల మీద నేర్చుకున్నాను. ‘కోదాడ’లో దీర్ఘం ఎక్కడ సాగుతుందో, ‘మిర్యాలగూడ’లో యవొత్తు ఎక్కడ వేలాడుతుందో బస్టాండులో నిలబడి వేలితో గాలిలో రాసుకునేవాణ్ణి. తర్వాత ఒక ఉస్తాద్ దగ్గర చేరి అవే అక్షరాలను దారంతో రాయడం నేర్చాను. కుట్టుమిషన్ పాదం తీసేసి, బట్టను చెక్క రింగులో బిగించి, సూది ఒక్కచోటనే పైకీ కిందికీ ఆడుతుంటే రెండు చేతులతో రింగు తిప్పాలి. పెన్ను కదలదు, కాగితమే కదులుతుంది. అట్లా రాయాలి. అన్నిటికన్నా పీడించేది టవొత్తు. అక్కడ దారం ముడిపడిందంటే అక్షరం కాస్తా చీమ చచ్చినట్టు ఉంటుంది.

బడిపిల్లల బ్యాడ్జీలు కుట్టాను. మేళ్లచెరువు సిమెంటు లారీల డ్రైవర్లు క్యాబిన్ పరదాల మీద బిడ్డల పేర్లు కుట్టించుకునేవారు. ఎక్కువగా మాత్రం టైలర్ షాపుల లేబుళ్ళు. చొక్కా మెడ లోపల వేసే చిన్న ముక్క. దాని మీద షాపు ఓనరు పేరు ఉంటుంది. బట్ట కత్తిరించినవాడి పేరు గానీ, కాజాలు తీసి తీసి కళ్ళు పోగొట్టుకున్నవాడి పేరు గానీ ఏ చొక్కాలోనూ నేను కుట్టలేదు. కుట్టమని ఎవరూ అడగలేదు. ఆ కోపం అప్పటినుంచే ఉంది నాకు.

పని మానేయడానికి కొద్దికాలం ముందు కోదాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. రిటైరయ్యాక, తన ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళతో బొంతలు కుట్టిస్తోంది. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, చేతిసూదితో వరుస కుట్లు వేస్తారు గదా, ఆ బొంతలు. హైదరాబాదులో ఒక పెద్ద షాపు వాటిని తీసుకోవడానికి ఒప్పుకుందట. ఒక బొంత నా బల్ల మీద పరిచింది. దాంట్లో వంకర లేదని అబద్ధం చెప్పను. ఉంది. కానీ ఆ మూల నుంచి ఈ మూలదాకా ఒకే వంకర. ఒకే మనిషి చెయ్యి అది, సంతకంలాగా.

“ఎవరు కుట్టిండ్రు దీన్ని?” అన్నాను.

“నడిగూడెం వైపు ఒకామె అన్నయ్యా. బొంతలామె అంటారు.”

“పేరు?”

టీచరమ్మ కాసేపు ఆలోచించింది. “ఏదో ఉందండీ. నోట్లోనే ఉంది, రావట్లేదు.”

ఆ బొంతలకు లేబుళ్ళు కావాలి. వాటి మీద రాసే మాట కూడా షాపువాళ్ళే ఇచ్చారు: ‘అమ్మ చేతి బొంత’. అన్నిటికీ అదే. కొన్నవాళ్ళకు సొంత అమ్మ కుట్టిచ్చినట్టు అనిపించాలట. ఒకే మాటను అన్నిసార్లు కుట్టడానికి మనిషెందుకని ఆ పని నేను మిర్యాలగూడకు పంపాను. అక్కడ నా జోడీదారు ఉన్నాడు. ఇద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాం. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అనుకుంటాం. వాడు కంప్యూటర్ మిషన్ కొని పెళ్లి జాకెట్లతో బాగుపడ్డాడు. లేబుళ్ళు చక్కగా దించి ఇచ్చాడు. వాటిని ఎక్కడ, ఎట్లా అతకాలో చూపించడానికి నేనే తీసుకుని కోదాడ పోయాను.

షెడ్డు రోడ్డు మీదే ఉంది. ఆటోలు అక్కడే ఆగుతాయి. లోపల ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని, ఒళ్ళో బొంతలు వేసుకుని కూర్చున్నారు. మూలన ఒక ముసలామె, నాకన్నా పెద్దది, నేనిచ్చిన ముక్కను బొంత వెనక అతికింది. అతికి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“తమ్మీ, గీ ముక్క మీద ఏం రాసిండ్రు?”

“అమ్మ చేతి బొంత అని రాసిండ్రక్కా.”

“ఎవ్వల అమ్మ?”

“అంటే, కుట్టినామె అన్నట్టు.”

“కుట్టింది నేను. నేనెవ్వలకు అమ్మను?”

టీచరమ్మ నా దగ్గరికి వంగి, ఆమెకు పిల్లలు లేరని చిన్నగా చెప్పబోయింది. ముసలామెకు చెవులు బాగానే పనిచేస్తాయి.

“చెవుల చెప్పుడెందుకు టీచరమ్మా? నాకు పిల్లలు లేరని ఊరంత ఎరికే. పెండ్లిల ముందటికి రానియ్యరు. పురుడైతే మాత్రం, బొంతలామెను పిల్వుండ్రి అంటరు. ఊళ్ళె పుట్టినోళ్ళందరు నా బొంతల మీదనే పండుకున్నరు. ఒక్కలన్న నా పేరు వెట్టి పిల్వలేదు. ఇప్పుడు పట్నపోళ్ళు అమ్మ అని రాస్తరా? కొన్నోళ్ళు మోసపోతరు గద.”

అంటూనే పళ్ళతో దారం కొరికి, ఆ లేబుల్ను లాగి అవతల పడేసింది.

“మరి ఏం రాయమంటవక్కా?”

“పేరు రాయి. నాకు పేరున్నది.”

పేరు చెప్పింది. ఆ పేరు మీకు ఇక్కడ చెప్పను. ఆమె బట్ట మీద రాయమంది గానీ కాగితం మీద రాయమనలేదు. టీచరమ్మ ఇంట్లోని కుట్టుమిషన్‌కు పాదం తీసి, నా రింగు బిగించి, ఆమె ముందే ఆమె పేరు కుట్టాను. ఆమె వంగి ఒక్కొక్క అక్షరం దిగడం చూసింది. చదువు రాదు, అయినా చూసింది. పేరు ఒక్కటే ఉంటే కొన్నవాళ్ళది అనుకుంటారేమోనని కింద ‘కుట్టింది’ అని చేర్చాను. టవొత్తు ముడిపడకుండా దిగింది. మంచి పని చేశానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

అది చూసి పక్కనామె తన పేరు అడిగింది. ఆ పక్కనామె కూడా. ఒకామె అయితే, మా అత్త పేరు మాత్రం ఎక్కడా రాకుండ చూడుమని నన్ను బతిమాలింది. కోదాడలోనే మకాం పెట్టి అందరి పేర్లూ కుట్టాను. బొంతలు హైదరాబాదు పోయాయి. నేను సూర్యాపేట వచ్చాను.

కొన్నాళ్ళకు టీచరమ్మ ఫోన్. గొంతులో పరేషాన్ ఉంది.

“అన్నయ్యా, బొంతలు వెనక్కి పంపుతున్నారు. షాపులో ఎవరో లేబుల్ ఫోటో తీసి ఫోన్లలో పెట్టారంట. అందరూ నవ్వుతున్నారంట.”

“ఎందుకు నవ్వుడు?”

“పేరు, కింద కుట్టింది. బొంతలో ఉండి కుట్టిందంట అన్నయ్యా. కప్పుకుంటే మనల్ని కూడా కుడుతుందా, మందు రాసుకుని పడుకోవాలా అని. నల్లులున్న బొంతలు అమ్ముతున్నట్టుందని షాపువాళ్ళకి కోపం వచ్చింది. వాళ్ళ మనిషి వస్తాడంట. అన్నీ పీకేసి అమ్మ లేబుళ్ళే వేయాలి, లేకపోతే ఆర్డర్ ఖతం.”

ఫోన్ పెట్టేసి, నా సంచిలో మిగిలిన ఒక ముక్క తీసి చూశాను. నా చేత్తో కుట్టిన మాటే. ఎన్నిసార్లు చదివినా అంతకుముందు అది నాకు దారమూ సూదీనే. ఇప్పుడు చదివితే తేలు.

కోపం నవ్వినవాళ్ళ మీదా, నా మీదా, ఎవరి మీదో తేలక మిర్యాలగూడ బస్సెక్కాను. మా బావ మిషన్ మీద ఏదో పెళ్లి జాకెట్ నడుస్తోంది. ముక్క వాడి చేతిలో పెట్టాను. చదివాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. అది చూసి ఆపాడు.

“సరే బావా. కుట్టినది అని రాద్దామా?”

“అది తేలు కాదు, తేలు శవం.”

“కుట్టెను?”

“హరికథనా?”

వాడు చాయ్ చెప్పాడు. చాయ్ వచ్చింది, చల్లారింది. అప్పుడన్నాడు, “నువ్వొక ముచ్చట సూడు. గీ బొంత మొగోడు కుడితే ఏం రాస్తుంటివి?”

“కుట్టిండు.”

“కుట్టిండు అంటే తేలు యాదికొస్తదా?”

రాదు. తేలు కుట్టిండు అని ఎవడూ అనడు.

“మొగోనికి ఒక మాట వెట్టిండ్రు. ఆడిదానికి, తేలుకు, నల్లికి కలిపి ఒక్కటే మాట వెట్టిండ్రు. నువ్వు తప్పు రాయలేదు బావా. మాటనే గట్ల ఉన్నది.”

నా జన్మలో నాకు అంత కోపం అదివరకు రాలేదు. ఇన్నేళ్ళు అక్షరాలు కుట్టాను, వొత్తులు కుట్టాను. అక్షరాల వెనక ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో ఒక్కసారీ చూడలేదు. మా అమ్మ వచ్చింది, మా బర్రె వచ్చింది. నాన్న మాత్రం వచ్చిండు. ఇది ఎవరు పెట్టారో తెలిస్తే బస్సెక్కి పోయి అడుగుదును. ఎవరూ పెట్టలేదు, అందరం పెట్టాం, అందుకే అడగడానికి మనిషి దొరకడు.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సులో కిటికీ దగ్గర కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. మర్యాద మాట పెడదాం. ‘కుట్టినవారు’. ఎవడు నవ్వుతాడో చూద్దాం. పేరు మాత్రం పీకనివ్వను. ఆమె ఊళ్ళో ఒక్కరూ పలకని పేరు, చేతిలో దారం ఉన్న నేనే పీకేస్తే ఇక ఎక్కడుంటుంది?

షాపు మనిషి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. నన్ను అంకుల్ అన్నాడు, ఆడవాళ్ళందరినీ అమ్మా అన్నాడు. బొంతల మూటలు దింపించి, షెడ్డులో వాడకుండా మిగిలిన మిర్యాలగూడ లేబుళ్ళ కట్ట తీయించి బల్ల మీద పెట్టాడు.

“తప్పుగా అనుకోకండి. మీ పనిలో వంక లేదు. పేరు అనేది కస్టమర్‌కి అవసరం లేదు. అమ్మ అంటే అందరికీ నచ్చుతుంది, అంతే.”

“కస్టమర్‌కు అవసరం లేకపోవచ్చు బాబూ. మాట మారుస్తం. కుట్టినవారు అని రాస్తం,” అన్నాను. అని, ఎట్లా ఉందక్కా అన్నట్టు ముసలామెను చూశాను.

ఆమెకు తేలు సంగతి అప్పటికి తెలుసు. నవ్వుకుని నవ్వుకుని వదిలేసింది. ఈ మాట విని మాత్రం ముఖం చిట్లించింది.

“కుట్టినవారు అంటే ఎంతమంది తమ్మీ?”

“ఒక్కలే. మర్యాదకు గట్ల అంటం.”

“నాకు మర్యాద ఎవలడిగిండ్రు? సదివినోళ్ళు పదిమంది కూసోని కుట్టిండ్రు అనుకుంటరు. ఒక్కదాన్నే కుట్టిన. ఎండాకాలమంత కుట్టిన.”

“మరి ఆడమనిషి ఒక్కతే అయితే కుట్టింది అనే అనాలె గదక్కా. అంటే తేలవుతున్నది.”

“నా గురించి నువ్వు సెప్తే తేలయితది. నేను సెప్తే ఎందుకైతది?” అంది. సూది బొంతలో గుచ్చి చేతులు ఖాళీ చేసుకుంది. “ఎవలు కుట్టిండ్రు అని నన్నడుగు.”

“ఎవలు కుట్టిండ్రక్కా?”

“నేను కుట్టిన. గంతే. గదే రాయి, కింద పేరు రాయి. తేలు వచ్చి నేను కుట్టిన అని సెప్పదు గద.”

షెడ్డు మొత్తం నవ్వింది. నేను మాత్రం ఆ మాటను లోపల కుట్టి చూసుకుంటున్నాను. ‘నేను కుట్టిన.’ ఆడా మగా లేదు, తేలు లేదు, పదిమంది లేరు. ఎవరో ఆమె గురించి చెప్పడం లేదు. బస్సు బోర్డుల మీద నేర్చిన నా తెలుగులో అట్లా రాయకూడదని ఎందుకో అనుకునేవాణ్ణి. మాట్లాడే మాట రాతకు పనికిరాదని నాకు నేనే ఒక పంతులునై కూర్చున్నాను.

కోదాడ ఊళ్ళోదే ఒక కోడలుపిల్ల లేచింది. “నేను కుట్టిన ఏంటి పెద్దమ్మా? నేను కుట్టాను అనాలి.”

“నువ్వు కుట్టాను అని రాయించుకో. నీ బొంత. నేను కుట్టిన.”

షాపు కుర్రవాడికి ఇదంతా కొంచెం వింతగా ఉన్నట్టుంది. నేను కాగితం మీద రాసి చూపించాను. చదివి, “కుట్టిన... తర్వాత ఏంటి అంకుల్? వాక్యం పూర్తి కాలేదు,” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే ముసలామె అందుకుంది. “బొంత సేతుల వట్టుకోని, కుట్టిన ఏంది అంటవా కొడుకా?”

అతనూ నవ్వాడు. కానీ నవ్వు వేరు, ఉద్యోగం వేరు. బయటికి పోయి ఎవరితోనో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. అమ్మ లేబుల్ ఉన్నవే తీసుకుంటారు. పేర్లున్నవి తీసుకోరు.

టీచరమ్మ ముఖం చూడలేకపోయాను. నాలుగు ఇళ్ళకు దారి చూపిద్దామని మొదలుపెట్టిన మనిషి. నన్ను పక్కకు పిలిచి, “అన్నయ్యా, మీకు కోపం వస్తే వచ్చింది గానీ, వీళ్ళకి పని పోతుంది,” అంది. ఆ మాట నిజం. అక్కడ కోప్పడటానికి నాకు హక్కు లేదు, ఆ మూటల్లో నాది పేర్ల కుట్టే గానీ బొంత కుట్టు కాదు. అందుకే ఎవరి బొంత సంగతి వాళ్ళే చెప్పాలన్నాను.

ఒక్కొక్కరూ చెప్పారు. చాలామంది అమ్మ లేబుల్ తీసుకున్నారు. “నేను నలుగుర్ని కన్న. నాకు ఆ మాట మీద హక్కున్నది,” అని ఒకామె దర్జాగా అతికించుకుంది. ఎవరికి ఏం ఇబ్బంది ఉందో వాళ్ళకు తెలుసు. వాళ్ళను ఒక్క మాట అనను, మీరూ అనకండి. కోదాడ కోడలుపిల్ల ఒక బొంతకు అమ్మ, ఇంకోదానికి ‘నేను కుట్టాను’ వేయించుకుంది.

ముసలామె వంతు వచ్చింది. టీచరమ్మ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. “పెద్దమ్మా, ఒక్కసారికి వేసెయ్. తర్వాత చూద్దాం.”

“నీ మీద కోపం లేదు టీచరమ్మా. నా బొంతలు నాకియ్యి.”

“ఇవన్నీ ఏం చేసుకుంటావు?”

“అమ్ముకుంట. తమ్మీ, నువ్వు రాయి.”

రాశాను. పాత లేబుళ్ళు ఆమే పళ్ళతో కొరికి పీకింది. పేరు పైన ‘నేను కుట్టిన’ అని కొత్త ముక్కలు కుట్టిచ్చాను. షాపు బండి మూటలతో వెళ్ళిపోయింది. వెళ్తూ ఆ కుర్రవాడు ఆమె బొంతను ఒకసారి చేత్తో నిమిరాడు. అతనికి ఇష్టమే అనుకుంటాను, కానీ అతని ఇష్టం ఎవరికి కావాలి.

మరుసటి పొద్దున్నే ముసలామె నాచేత షెడ్డు ముందు రెండు స్తంభాలకు తాడు కట్టించింది. బొంతలు మంచి వైపు బయటికి పెట్టి ఆరేయబోయాను.

“తిప్పెయ్యి,” అంది.

“అక్కా, రంగులు ఇటువైపున్నయి. జనం రంగు చూసి ఆగుతరు.”

“ఆగకపోతె పోనియ్యి. అక్షరాలు బయటికి రావాలె.”

తిప్పేశాను. మిగతా ఆడవాళ్ళు లోపల పనిలో పడ్డారు. ముసలామె కూడా లోపల మూలన కూర్చుని కొత్త బొంత మొదలుపెట్టింది. సగం పొద్దు దాకా ఎవరూ ఆగలేదు. ఆటోలు వచ్చాయి, పోయాయి. కోడలుపిల్ల మధ్యలో లేచి, “పెద్దమ్మా, నేను పోయి రంగు వైపు తిప్పనా?” అంది. ముసలామె తల అడ్డంగా ఊపింది.

మేళ్లచెరువు వైపు పోయే సిమెంటు లారీ ఒకటి చాయ్ కోసం ఆగింది. డ్రైవరు గ్లాసు పట్టుకుని తాడు దగ్గరికి వచ్చాడు. ఒక బొంత అంచు పట్టుకుని మందం చూశాడు. అప్పుడు లేబుల్ కనిపించింది. వాడి చదువు కూడా నా చదువు లాంటిదే. పెదవులు కదుపుతూ, వేలు పెట్టుకుని, బయటికి గట్టిగా చదివాడు.

“నే-ను కు-ట్టి-న.”

“నువ్వెప్పుడు కుట్టినవే అన్నా?” అని లోపలినుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వాడికి అర్థం కాలేదు. వేలు ఇంకో వరుస కిందికి దించి, ఆమె పేరు చదివాడు. ఒకసారి కూడబలుక్కుని, ఇంకోసారి తిన్నగా, పిలిచినట్టు. తల ఎత్తి షెడ్డులోకి చూశాడు.

“గీ పేరుగలామె ఎవరు?”

ముసలామె పళ్ళ మధ్య సూది పట్టుకుని దారం లాగుతోంది. లాగడం ఆపింది. సూది తీసి బొంతలో గుచ్చింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఎవరి సాయమూ తీసుకోకుండా లేచి నిలబడింది.

“ఆ, నేనే. లోపటికి రా, బిడ్డా.”